చింతపండు నీళ్ళలో తెల్లబడ్డ నీలిరాళ్ళు

రాధారాణికి అమెరికాలో ఉద్యోగం దొరికింది అప్లికేషన్ పెట్టుకుని కాదు, మెడలో గొలుసు తెగి.

1979 వేసవి. భర్త జగన్మోహన్ ఆఫీస్‌కి వెళ్ళిపోయాడు. గొలుసు కొక్కెం ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని రుమాలులో మూటగట్టుకుని, సన్నీవేల్‌లో తాముండే అపార్ట్‌మెంట్‌కి నాలుగు వీధుల అవతల ఉన్న నగల దుకాణానికి నడుచుకుంటూ వెళ్ళింది. వెండి నగలు, రంగురాళ్ళు అమ్మే చోటు. పాతవి బాగుచేసి ఇస్తారు కూడా. యజమానురాలు డోరతీ అనే ముసలావిడ. ఆ పూట ఆవిడ ఎవరితోనో ఫోన్‌లో ఉంది. కిటికీ పక్కన పనిబల్ల ముందు ఇంకొకావిడ కూర్చుని, వెండి కడియం అతుకు మీద సన్నటి కుంచెతో తెల్లటి ముద్ద ఏదో రాస్తోంది.

రాధారాణి ఆ తెల్లటి ముద్దను చూసి, తనలో తాను అనుకున్నట్టు, "వెలిగారం" అంది.

ఆవిడ తలెత్తింది. "ఏమన్నావు?"

"మీరు రాస్తున్నదాన్ని మా భాషలో అలా అంటాం. మా నాన్న దాన్ని రాతి మీద నీళ్ళతో అరగదీసి రాస్తాడు. అది లేకపోతే టంకం పారదు. ఉండలు కట్టి కూర్చుంటుంది."

ఇంగ్లీషులో ఇన్ని మాటలు బయటివాళ్ళతో ఒక్కసారిగా మాట్లాడటం రాధారాణికి ఈ దేశం వచ్చిన మూడేళ్ళలో అదే మొదలు. ఆవిడ రుమాలు విప్పి గొలుసు చూసింది, ఆమె చేతులు చూసింది. తర్వాత స్టూల్ మీంచి లేచి నిలబడింది.

"అయితే కూర్చో. నీ గొలుసు నువ్వే అతుక్కో."

ఆవిడ పేరు ఎల్సీ బెగే. నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి. అరిజోనాలో తమవాళ్ళ నేల మీద పుట్టి, ఇరవై ఏళ్ళప్పుడు ప్రభుత్వం పల్లెలు ఖాళీ చేయించి పట్నాలకు తోలిన రోజుల్లో శాన్ హోసే వచ్చిపడింది. తండ్రి వెండిపనివాడు. తండ్రి నేర్పిన పనే ఆమె చేతిలో ఉంది.

రాధారాణి తండ్రి బ్రహ్మయ్యాచారిది నరసాపురం. ఆయనకు పేరున్న చెయ్యి. ఆరేళ్ళ వయసు నుంచీ కూతురు ఆయనకు వెలిగారం అరగదీసి ఇచ్చింది, కుంపటికి బొగ్గులు అందించింది, ఎగిరిపడ్డ రజను చీపురుతో పోగు చేసింది. ఊదుగొట్టం మాత్రం ముట్టనివ్వలేదు. ఆడపిల్ల కుంపటి ముందు కూర్చోకూడదన్నారు. ఎందుకు కూర్చోకూడదో చెప్పినవాళ్ళు లేరు. అన్నదమ్ములిద్దరికీ ఆ పని మీద ఆసక్తి లేకపోయినా వాళ్ళనే కూర్చోబెట్టారు, వాళ్ళు పాడుచేసిన బంగారాన్ని మళ్ళీ కరిగించారు. చూసి చూసి పని మొత్తం కంఠతా వచ్చిన పిల్ల గుమ్మం దగ్గరే ఉండిపోయింది. అటువంటి మనిషిని, ముక్కూమొహం తెలియని ఒక పరాయి దేశస్థురాలు లేచి నిలబడి కూర్చోమంది.

రాధారాణి గొలుసు అతుక్కుంది. అతుకు ఎక్కడుందో కనపడలేదు. ఎల్సీ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "డోరతీ, నాకు మనిషి కావాలని ఆర్నెల్లుగా అడుగుతున్నాను కదా. ఇదిగో" అంది.

ఇంట్లో సంగతి వేరు. జగన్మోహన్‌దీ అదే కులం, అతని తండ్రీ సుత్తి పట్టినవాడే. "మా నాన్న సుత్తి కొట్టి నన్ను ఇంజనీరింగ్ చదివించింది, నా పెళ్ళాం అమెరికా వచ్చి మళ్ళీ సుత్తి పట్టుకోడానికా?" అన్నాడు. పై అంతస్తులో ఉండే సుమతి మరీ సూటిగా అడిగింది. "ఇక్కడ దాకా వచ్చి కులవృత్తి ఏంటి రాధా? బ్యాంక్‌లో టెల్లర్ జాబ్‌లు ఉన్నాయిగా."

"బ్యాంక్‌లో డబ్బు ముట్టుకోవచ్చు, ఇక్కడ వెండి ముట్టుకోకూడదా అక్కా?" అంది రాధారాణి. సుమతి నవ్వేసింది గానీ, ఆ నవ్వులో కొంచెం దూరం ఉంది.

దుకాణంలో ఆమె నేర్చుకున్నదంతా ఎల్సీ దగ్గరే. బంగారం తండ్రి చూపించాడు, రాళ్ళు ఎల్సీ చూపించింది. టర్కాయిస్ అనే నీలిరాయి, మనవాళ్ళు ఫిరోజా అంటారే, దాని మీద నల్లటి గీతలు సాలెగూడులా ఎలా పాకుతాయో, ఏ గనిలోది ఏ నీలమో, వేలి మీద పెట్టి చెప్పేది. రాధారాణి కూడా తనకు తెలిసింది చెప్పేది. సూపర్‌మార్కెట్‌లో సబ్బుల వరసలో బోరాక్స్ పేరుతో పెట్టెల్లో అమ్మే బట్టల పొడి ఈ వెలిగారమేనని తెలిసినప్పుడు ఇద్దరూ చాలాసేపు నవ్వారు. ఎల్సీ దక్షిణాన ఉన్న మొహావే ఎడారి గురించి చెప్పింది. అక్కడ ఎండిపోయిన చెరువుల అడుగున ఇది పొరలు పొరలుగా ఉంటుందట. ఒక శతాబ్దంగా తవ్వుతున్నారట. గాజు గిన్నెల్లో, ఇళ్ళ గోడల్లో కూరే గాజుపీచులో, బొద్దింకల మందులో అన్నిట్లో ఇదేనట.

"మా ఊళ్ళో దీని చుట్టం ఒకటుంది, బోరిక్ పౌడరు. క్యారమ్ బోర్డు మీద చల్లుతారు" అంది రాధారాణి.

"మగవాళ్ళా?"

"మగవాళ్ళే. వాళ్ళు ఆడుకోడానికి చల్లుకుంటారు. మేం అరగదీస్తాం."

అలా రెండేళ్ళు గడిచాయి. 1981 అక్టోబరులో ఒక గురువారం నాడు డోరతీ పాత కస్టమరు ఒకావిడ విరిగిన చేతిపట్టీ తెచ్చింది. వెండి పట్టీ, పైన ఐదు నీలిరాళ్ళు. రెండేళ్ళ కిందట ఈ దుకాణంలో కొన్నదే. డోరతీ కొన్న రాళ్ళతో ఎల్సీ కట్టిన పని. ఎల్సీ ఆ రోజే అతుకు వేసేసింది. కడిగి మెరుగు పెట్టే పని శుక్రవారం రాధారాణికి వచ్చింది. సోమవారం ఇస్తే చాలన్నారు.

పొగచూరి నల్లబడ్డ వెండిని రాధారాణి తల్లి ఎలా తోమేదో, అందరు తల్లులూ ఎలా తోముతారో, రాధారాణీ అలాగే చేసింది. టిఫిన్ డబ్బాలో చింతపండు తెచ్చుకుంది. గాజు గ్లాసులో పిసికి, చిటికెడు ఉప్పు వేసి, పట్టీని అందులో ముంచింది. అరగంట చాలు. ఇంతలో స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. కూతురు ఉషకి జ్వరమట. ఆదరాబాదరాగా పరిగెత్తింది. గ్లాసు మాట పూర్తిగా మరిచిపోయింది.

సోమవారం వచ్చేసరికి ఎల్సీ బల్ల ఖాళీగా ఉంది. పనిముట్లు చుట్టి పెట్టే తోలుసంచి కూడా లేదు.

"ఎల్సీ ఏది?"

డోరతీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ కస్టమరు సోమవారం దాకా ఆగకుండా శనివారమే వచ్చిందట. ఎల్సీ లోపలికెళ్ళి, పట్టీని కడిగి తెచ్చి ఇచ్చిందట. రాళ్ళు తెల్లగా, పాలిపోయి, అక్కడక్కడా నీలి మచ్చలతో ఉన్నాయట. కస్టమరు పట్టీని అక్కడే పడేసి వెళ్ళిపోయిందట.

"మొదటి రకం నెవాడా గనుల రాళ్ళు నేను దాని చేతికిచ్చాను. అది రంగు పూసిన తెల్లరాళ్ళు కట్టి, నా రాళ్ళు ఎక్కడో అమ్ముకుంది. అడిగితే నోరు విప్పలేదు. బుధవారం దాకా టైమిచ్చాను. రాళ్ళు తెచ్చివ్వకపోతే పోలీసులకు చెప్తాను."

"తను చేయలేదంటే..."

"చేయలేదని కూడా అనలేదు. నిలబడి చూసింది, అంతే. వీళ్ళని ఎప్పుడూ..." అని డోరతీ ఆ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయాల్సిన అవసరం కూడా లేదు. వస్తువు పోయిందనగానే ఎవరి వైపు వేలు చూపాలో ముందే తేలిపోయి ఉండే ఇళ్ళు, ఊళ్ళు, దేశాలు ఉన్నాయి. అక్కడ విచారణ పేరుకే.

రాధారాణి పనిబల్ల దగ్గరికి నడిచింది. గ్లాసు కడిగి బోర్లించి ఉంది. చింతపండు పిప్పి కూడా ఎవరో జాగ్రత్తగా ఎత్తి పారేశారు. ఆ గ్లాసు ఎవరిదో ఎల్సీకి తెలుసు. ఈ దుకాణంలో చింతపండు తెచ్చేది తనొక్కతే. తెలిసీ చెప్పలేదు.

రాధారాణి ఆ గ్లాసు చేతిలోకి తీసుకుంది. కంసాలి కన్నతల్లి ముక్కుపుడకలో కూడా ఇంత గీకుతాడని ఊరంతా నవ్వుకుంటూ చెప్పుకునే మాట వింటూ పెరిగిన పిల్ల ఆమె. త్రాసు ముందు కూర్చున్న ప్రతి గిరాకీ తండ్రి వేళ్ళ వంకే చూసేవాడు. బ్రహ్మయ్యాచారి జీవితాంతం ఆ చూపుల మధ్యే పని చేశాడు. తను చేసిన తప్పుకు ఇప్పుడు అదే చూపు ఎల్సీ మీద పడింది.

ఇంటికొచ్చి జగన్మోహన్‌కి చెప్పింది. అతను టీవీ ఆపేశాడు.

"రాధా, ఒక్క మాట చెప్తాను విను. మన సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. పోలీస్ అంటోంది ఆవిడ. నువ్వు మధ్యలో దూరకు."

"దూరడమేంటండీ? మధ్యలో ఉన్నదే నేను. ఆ గ్లాసు నాది."

"చింతపండు వేస్తే రాయి రంగు పోతుందా? పోతే అది రాయేనా?"

ఆ మాట అతను విసుగుతో అన్నాడు. రాధారాణి మాత్రం అక్కడే ఆగిపోయింది. నిజమే కదా. అవి మంచి రాళ్ళయితే తను పాడు చేసినట్టు, తప్పు తనది. మంచివి కాకపోతే అవి ఎక్కడ మారాయో తేలాలి. రెంటిలో ఏదైనా, రాయి ఏమిటో ముందు తెలియాలి.

మంగళవారం ఉదయమే డోరతీని అడిగి, పట్టీలోంచి ఒక రాయి ఊడదీసుకుంది. "పాడైంది ఎలాగూ పాడైంది, తీసుకో" అంది డోరతీ. సాయంత్రం ఉషను వెంటబెట్టుకుని పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళింది. పైసా అడక్కుండా, నువ్వెవరు, ఏం చదివావు అని అడక్కుండా పుస్తకాలు చేతికిచ్చే ఆ చోటంటే ఆమెకు గుడితో సమానం. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి ఖనిజాల పుస్తకాలు మూడు తెచ్చి బల్ల మీద పెట్టింది. కష్టమైన మాటలు ఉష చదివి పెట్టింది.

"అమ్మా, ఇది లిజన్. హౌలైట్. వైట్ ఉంటది, గ్రే లైన్స్ ఉంటది. స్పాంజ్‌లాగా కలర్ తాగుద్ది. బ్లూ డై చేసి టర్కాయిస్ అని సెల్ చేస్తారట. దట్స్ సో మీన్."

"దేనితో తయారైందని ఉందో చూడు."

"కాల్షియం, సిలికా... బోరాన్. బోరాక్స్ ఫ్యామిలీ అంట. మన కాలిఫోర్నియాలోనే దొరుకుద్దంట."

రాధారాణి పుస్తకం తన వైపు తిప్పుకుని, వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది. యాసిడ్‌లో కరుగుతుంది. సూదితో సులువుగా గీతపడుతుంది. మంటలో తేలిగ్గా కరిగి గాజుపూస అవుతుంది. చివరి మాట దగ్గర ఆమె వేలు ఆగింది. వెలిగారం బొగ్గు మీద పొంగి, అణిగి, గాజు బొట్టులా నిలవడం ఆమె చిన్నప్పుడు రోజూ చూసిందే. ఇది దాని చుట్టమే.

అయినా ఇంకో ప్రశ్న మిగిలింది. పట్టీలో రాయి దొంగదని తేలితే, మార్చింది ఎల్సీయే అంటుంది డోరతీ. ఆ లాట్‌లో మిగిలిన రాళ్ళు కొన్ని డోరతీ సొరుగులో ఉన్నాయి, అమ్మినవాడి కాగితంలోనే చుట్టి. ఆ సొరుగు తాళం డోరతీ మెడలోనే ఉంటుంది. అవి మంచివైతే ఎల్సీ పని అయిపోయినట్టే. దొంగవైతే ఎల్సీకి ఏ సంబంధమూ లేదు. అవి ఏవో తెలియకుండానే సొరుగు తీయమని అడగాలి.

బుధవారం దుకాణం తీయగానే రాధారాణి వెళ్ళి డోరతీ ముందు నిలబడింది.

"ముందు నా తప్పు చెప్తాను. పట్టీని చింతపండు నీళ్ళలో పెట్టి మరిచిపోయింది నేను. ఎల్సీ కాదు."

డోరతీ కళ్ళజోడు సర్దుకుంది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"ఎల్సీకి తెలుసు."

"చింతపండు నీళ్ళకి టర్కాయిస్ తెల్లబడదు."

"అదే నేనూ అంటున్నాను. మీ సొరుగు తీయండి."

"ఎందుకు?"

"ఎల్సీ ముట్టుకోని రాళ్ళు ఈ దుకాణంలో అవే కాబట్టి."

డోరతీ తాళం తీసింది. అమ్మినవాడు తన చేత్తో రాసిన పొట్లం విప్పింది. ఏడు రాళ్ళు, కళ్ళు చెదిరే నీలం. రాధారాణి దూదికి గోళ్ళరంగు తుడిచే మందు అద్ది ఒక రాయిని రుద్దింది. మొదట ఏమీ రాలేదు. రంగు మీద మైనం పూత ఉందేమో అనిపించి, గోటితో గీకి మళ్ళీ రుద్దింది. దూది నీలంగా మారింది.

"రంగు మెరుగు కోసం మంచి రాయికి కూడా కొందరు పూస్తారు" అంది డోరతీ. గొంతులో మాత్రం పట్టు లేదు.

రాధారాణి సూది ఇచ్చింది. "మీరే గీయండి." డోరతీ గీసింది. సుద్దముక్క మీద గీసినట్టు తెల్లటి గీత పడింది.

తర్వాత రాధారాణి ఆ రాయి చిన్న పలుకు చిదిపి, బొగ్గు దిమ్మ మీద పెట్టి, టార్చి వెలిగించింది. మంట అంచు ఆకుపచ్చగా తిరిగింది, వెలిగారం జాతి రాయికి వచ్చే రంగు.

"రాగి ఉన్నా పచ్చగానే వస్తుంది. టర్కాయిస్‌లో రాగి ఉంది" అంది డోరతీ. ముప్ఫై ఏళ్ళ వ్యాపారం, ఊరికే పోలేదు.

"అవును. కానీ టర్కాయిస్ కరగదు. చిటపటమని పగిలి నల్లబడుతుంది. చూస్తూ ఉండండి."

పలుకు అంచులు గుండ్రబడ్డాయి. తడిసినట్టు మెరిసింది. చూస్తుండగానే ముడుచుకుని, బొగ్గు మీద ఆవగింజంత గాజుపూసై నిలిచింది. రాధారాణి టార్చి ఆపింది.

"నన్ను మోసం చేశాడు" అంది డోరతీ. "మొదటి రకం ధర తీసుకుని."

"మిమ్మల్నే కాదండి. టర్కాయిస్ తవ్వేవాళ్ళని, కట్టేవాళ్ళని, ఎల్సీ వాళ్ళ ఊళ్ళో ఇదే పని మీద బతికే అందర్నీ. దొంగ రాయి చౌకగా దొరికితే వాళ్ళ రాయి ఎవరు కొంటారు? చివరికి దొంగతనం వాళ్ళ మీదే పడింది."

డోరతీ ఫోన్ అందుకుంది. "రమ్మని చెప్తాను."

"ఫోన్‌లో వద్దు" అంది రాధారాణి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వెళ్ళమని ఎదురుగా నిలబెట్టి చెప్పారు. రమ్మని కూడా ఎదురుగానే చెప్పాలి. కార్‌లో నేనూ వస్తాను."

ఎల్సీ శాన్ హోసేలో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. తలుపు తీసి ఇద్దర్నీ చూసి, పక్కకు జరిగింది. వంటింటి బల్ల మీద పనిముట్ల సంచి విప్పి ఉంది. ఇంకో దుకాణంలో పని అడగటానికి ఆకురాళ్ళు తుడిచి వరసగా పేర్చుకుంటోంది. డోరతీ కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేచి నిలబడింది. క్షమాపణ అడగటం ఆవిడకు అలవాటు లేని పని అని చూస్తేనే తెలుస్తోంది.

"నేను తప్పుగా మాట్లాడాను" అంది.

"తప్పుగా ఆలోచించావు. మాట తర్వాత వచ్చింది" అంది ఎల్సీ.

"అవును. తప్పుగా ఆలోచించాను."

ఎల్సీ పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టింది.

"ఎన్ని నగలున్నాయి ఆ రాళ్ళతో?" అని అడిగింది.

"పన్నెండు అమ్మాను."

"పన్నెండుగురికీ ఉత్తరాలు రాయి. రాళ్ళు హౌలైట్ అని, రంగు వేసినవని. నువ్వు మోసపోయావని రాయి, పరవాలేదు. కానీ కట్టినది ఎల్సీ బెగే అని, ఆమె పనిలో ఏ దొంగతనమూ లేదని నా పేరుతో రాయి. మా పనిమనిషి అని రాయకు."

"రాస్తాను."

"నేను చదివాక పోస్ట్ చేయాలి."

డోరతీ తలూపింది. ఎల్సీ మూడు కప్పుల్లో కాఫీ పోసింది. రాధారాణి ఇక ఆగలేక అడిగేసింది. "ఆ గ్లాసు నాదని ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట అంటే సరిపోయేది కదా."

"చెబితే నువ్వు దొంగవయ్యేదానివి. నేను కాకపోతే నువ్వు. ఆవిడ చూపు అటు తిరిగేది, అంతే." ఎల్సీ చక్కెర డబ్బా ఆమె వైపు తోసింది. "నీకు చిన్న పిల్ల, పైగా కాగితాలు తేలలేదు. నన్ను ఇంతకన్నా పెద్దమనుషులే దొంగ అన్నారు. నాకు అలవాటే."

"అలవాటు కావాల్సిన సంగతి కాదు అది" అంది రాధారాణి. ఎల్సీ చేతి మీద చెయ్యి వేసి, అలాగే ఉంచేసింది. కృతజ్ఞత చెప్పడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆమెకు గుర్తొచ్చాయి, ఒక్కటీ సరిపోలేదు.

"ఆ రంగుకి నా కన్నే మోసపోయింది. నీ చింతపండే లేకపోతే ఇంకో పదేళ్ళు ఆ రాళ్ళనే కట్టి అమ్మేవాళ్ళం" అని ఎల్సీ నవ్వింది. "అయినా ఇకమీదట రాళ్ళున్న నగ దానిలో వేశావో, నేనే పోలీసులకు చెప్తాను."

ఉత్తరాలు ఆ వారంలోనే వెళ్ళాయి. ఎల్సీ ఒక వాక్యం కొట్టేసి మళ్ళీ రాయించింది. పన్నెండుగురిలో తొమ్మిదిమంది నగలు తెచ్చారు. ఎల్సీ, రాధారాణి పక్కపక్కన కూర్చుని తొమ్మిదింటిలోనూ మంచి రాళ్ళు కట్టారు. పొట్లం అమ్మినవాడు మాత్రం దొరకలేదు. అలాంటివాళ్ళు ఎప్పుడు దొరికారు గనక. కానీ ఆ తర్వాత ఆ దుకాణంలోకి వచ్చిన ప్రతి నీలిరాయీ అమ్మినవాడి ఎదుటే దూది, సూది, మంట దాటి లోపలికి వచ్చింది. ఆ పరీక్ష రాధారాణి చేసేది. చుట్టుపక్కల పట్టణాల్లోని చిన్న దుకాణాలవాళ్ళు కూడా ఆమె దగ్గరకు రాళ్ళు పంపడం మొదలుపెట్టారు. ఎల్సీ మేనకోడళ్ళిద్దరు వేసవి సెలవులకు వస్తే వాళ్ళకీ నేర్పింది. సుమతి కూడా ఒకసారి తన పగడాల దండ పట్టుకొచ్చి, "కొంచెం చూసి పెట్టు రాధా, ఫ్లీ మార్కెట్‌లో కొన్నాను" అంది. అవీ ఎర్ర రంగేసిన హౌలైటే. రాధారాణి మెత్తగానే చెప్పింది.

జగన్మోహన్ మనసు ఒక్కరోజులో ఏమీ మారలేదు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు నీ భార్య ఉద్యోగం ఏమిటని ఆఫీసరు అడిగితే, అతను గొంతు సవరించుకుని, "గోల్డ్‌స్మిత్. వాళ్ళ నాన్నా అదే, మా నాన్నా అదే" అన్నాడు. పక్కన కూర్చున్న రాధారాణి అతని వంక చూడలేదు, చూస్తే ఏడుపొస్తుందని.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికి పోలేదు. నేరుగా దుకాణానికి వెళ్ళింది. కాగితాలు వచ్చేస్తాయన్న సంగతి ముందుగా ఎల్సీకి చెప్పాలి. ఎల్సీ ముక్కుమీది కళ్ళద్దాల మీంచి చూసి, "మంచిది. మా దేశానికి స్వాగతం" అంది. ఆ మాట అనే హక్కు నిజంగా ఉన్నవాళ్ళ నోటి నుంచి విన్నందుకు రాధారాణి ఆ రోజు తనంత అదృష్టవంతురాలు లేదనుకుంది. కొంగు నడుముకు దోపుకుని పనిలో కూర్చుంది.